అక్షరానికీ యంత్రానికీ పొంతన

ధవళేశ్వరం వద్ద గోదావరి ఆనకట్ట నిర్మాణం 1847లో ప్రారంభమై 1852లో ముగిసింది. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో రూపొందిన కాలువలు డెల్టా పొలాలను తడపడంతోపాటు పడవల రాకపోకలకు కూడా మార్గాలయ్యాయి. కాలువ నీటిమట్టం అన్నిచోట్లా ఒకే తీరున ఉండదు. ఒకచోట ఎత్తుగా, మరొకచోట పల్లంగా ఉంటుంది. ఈ తేడాను పడవ క్షేమంగా దాటడానికి కట్టినవే లాకులు. పడవ లాకులోనికి రాగానే వెనుక తలుపులు మూస్తారు. లోపలి నీటిని ముందున్న కాలువ మట్టానికి తెచ్చి, ఆపైన ముందు తలుపులు తెరుస్తారు. పడవ లాకు కంటె వెడల్పుగా ఉన్నా, మట్టాలు సమానం కాకముందే తలుపులు తెరిచినా ప్రయాణం సాగదు. అటువంటప్పుడు పడవ చెడ్డదనీ, లాకు చెడ్డదనీ అనలేము. రెండింటికీ పొంతన కుదరలేదని మాత్రమే అనగలము.

కంప్యూటరు రంగంలో తరచుగా వినిపించే 'కంపాటిబిలిటీ' అనే మాటకు అర్థం ఈ పొంతనే. ఒక యంత్రంపై చక్కగా నడిచిన సాఫ్ట్‌వేర్ మరొక యంత్రంపై తెరుచుకోదు. ఒక తెరపై ముత్యాల వలె కనిపించిన తెలుగు అక్షరాలు మరొక తెరపై అర్థం లేని గుర్తులుగా మారిపోతాయి. ఇట్టి సమయాలలో చాలామంది యంత్రాన్ని నిందిస్తారు, లేదా తెలుగు కంప్యూటరుకు తగిన భాష కాదని నిరుత్సాహపడతారు. రెండూ సరి కాదు. పొంతన ఎక్కడ తప్పిందో గుర్తించగలిగితే చాలావరకు దానిని సరిచేయవచ్చు. ఆపిల్ సంస్థవారి మ్యాక్ కంప్యూటర్లను, వాటిపై తెలుగు లిపి ఎదుర్కొన్న అనుభవాలను పరిశీలిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది.

పాఠ పరిష్కరణ నేర్పిన పద్ధతి

గోదావరి తీరానికి అక్షరంతో ఉన్న అనుబంధం ప్రాచీనమైనది. పదకొండవ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో నన్నయ భారతాంధ్రీకరణకు పూనుకొన్నది రాజమహేంద్రవరంలోనే. ఆనాటి కావ్యాలు తాటాకులపై వ్రాయబడి, ప్రతి నుండి ప్రతికి ఎత్తి వ్రాయబడుతూ వచ్చాయి. లేఖకుని చేతిలో ఒక అక్షరం జారిపోవచ్చు, ఒక పాదం తారుమారు కావచ్చు. అందువల్ల కావ్యాన్ని అచ్చు వేయదలచిన పండితుడు ఒక్క ప్రతిని నమ్ముకొనేవాడు కాదు. పలు ప్రతులను సేకరించి, ఒకదానితో మరొకటి పోల్చి, తప్పు ఏ ప్రతిలో, ఏ తావున ప్రవేశించిందో నిర్ణయించి, ఆ మేరకే సవరించేవాడు. దీనినే పాఠ పరిష్కరణ అంటారు. పందొమ్మిదవ శతాబ్దిలో సి.పి. బ్రౌన్ పండితులను నియమించి పలు తెలుగు గ్రంథాలకు ఈ విధంగానే శుద్ధ ప్రతులు సిద్ధం చేయించాడు.

తాటాకు తరువాత అచ్చు అక్షరం వచ్చింది. కందుకూరి వీరేశలింగం పంతులు 1874లో ప్రారంభించిన 'వివేకవర్ధని' తొలుత మద్రాసులో ముద్రణ పొంది, పిదప రాజమహేంద్రవరంలో ఆయన నెలకొల్పిన ముద్రణాలయంలో వెలువడింది. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా పేర్చే కాలం అది. ఇరవయ్యవ శతాబ్ది చివరి దశకాలలో ఆ అక్షరాల స్థానాన్ని కంప్యూటరు ఆక్రమించింది. అప్పటినుండి పాఠాన్ని కాపాడే బాధ్యతకు ఒక కొత్త చిక్కు తోడయింది. తాటాకును చదవడానికి కన్ను, లిపి జ్ఞానం ఉంటే చాలు. కంప్యూటరు ఫైలును చదవడానికి దానికి తగిన యంత్రం, ఆపరేటింగ్ సిస్టమ్, ప్రోగ్రాము, ఫాంటు అన్నీ కావాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినా ఫైలు ఉండీ లేనట్లే.

మారుతూ వచ్చిన మ్యాక్

మ్యాకింటాష్ కంప్యూటరును ఆపిల్ సంస్థ 1984లో విడుదల చేసింది. తెరపై బొమ్మలను, అక్షరాలను అందంగా చూపగల శక్తి వలన అది అచిరకాలంలోనే ముద్రణ రంగంవారి మన్నన పొందింది. అయితే ఆ పేరు నిలిచి ఉన్నా లోపలి యంత్రం పలుమార్లు మారింది. తొలి మ్యాక్‌లు మోటరోలా ప్రాసెసర్లతో నడిచాయి. 1994లో పవర్‌పీసీ, 2006లో ఇంటెల్, 2020లో ఆపిల్ తానే రూపొందించిన ప్రాసెసర్లు వాటి స్థానంలోకి వచ్చాయి. ఆపరేటింగ్ సిస్టమ్ కూడా 2001లో మ్యాక్ ఓఎస్ టెన్ రాకతో పునాదుల నుండి మారిపోయింది.

ప్రాసెసరు అంటే ఆజ్ఞలను అమలు జరిపే భాగం. ప్రతి రకం ప్రాసెసరుకు తనదైన ఆజ్ఞాభాష ఉంటుంది. ఒక భాషలో వ్రాసిన ఆజ్ఞలను మరొక ప్రాసెసరు గ్రహించలేదు. అందువల్ల మార్పు జరిగిన ప్రతిసారీ ఆపిల్ సంస్థ ఒక తాత్కాలిక వంతెన నిర్మించింది. పాత మ్యాక్ ప్రోగ్రాములను మ్యాక్ ఓఎస్ టెన్‌పై నడపడానికి 'క్లాసిక్' అనే ఏర్పాటు ఉండేది. పవర్‌పీసీ ప్రోగ్రాములను ఇంటెల్ యంత్రం గ్రహించడానికి 'రొజెట్టా' అనే అనువాదకుడు ఉండేవాడు. ఇంటెల్ ప్రోగ్రాములను ఆపిల్ ప్రాసెసరుపై నడపడానికి 'రొజెట్టా 2' వచ్చింది. ఈజిప్టులో దొరికిన రొజెట్టా శిల ఒకే విషయాన్ని మూడు లిపులలో చూపి ప్రాచీన చిత్రలిపిని చదవడానికి దారి చూపింది. ఈ పేరు ఆ శిలను స్మరింపజేస్తుంది.

వంతెనలు శాశ్వతం కావు. 2007లో వెలువడిన లెపర్డ్ కూర్పులో క్లాసిక్ లేదు. 2011లో వెలువడిన లయన్ కూర్పులో మొదటి రొజెట్టా లేదు. 2019 అక్టోబరులో వచ్చిన కాటలీనా కూర్పు 32 బిట్ల ప్రోగ్రాములన్నింటినీ నిరాకరించింది. 2025లో వెలువడిన టాహో ఇంటెల్ యంత్రాలపై నడిచే చివరి కూర్పు అని ఆపిల్ సంస్థ ప్రకటించింది. ఒకప్పుడు ముద్రణాలయాలలో విస్తారంగా వాడిన పేజ్‌మేకర్ ఇందుకు తగిన ఉదాహరణ. అది మ్యాక్ ఓఎస్ టెన్‌కు అనువుగా ఎన్నడూ రూపొందలేదు. క్లాసిక్ అనే వంతెన మీదనే నడిచేది. ఆ వంతెన తొలగిన నాటి నుండి దానిలో కూర్చిన పుస్తకాల ఫైళ్లు కొత్త మ్యాక్‌లో తెరుచుకోకుండా పోయాయి. ఫైలు చెడిపోలేదు, దానిని చేరే దారి మూసుకొనిపోయింది.

తెలుగు అక్షరానికి వచ్చిన చిక్కు

యంత్రం మార్పు అన్ని భాషలవారికీ సమానమైన ఇబ్బందే. తెలుగువారికి దానికి తోడు అక్షర సంకేతాల చిక్కు కూడా ఏర్పడింది. కంప్యూటరు అక్షరాన్ని అక్షరంగా గుర్తించదు, ఒక సంఖ్యగా గుర్తిస్తుంది. తొలి దినాలలో ఈ సంఖ్యల పట్టికలో తెలుగుకు స్థానం లేదు. కావున అను, శ్రీలిపి వంటి డీటీపీ సాఫ్ట్‌వేర్లు ఇంగ్లీషు మొదలైన పాశ్చాత్య భాషల అక్షరాలకు కేటాయించిన సంఖ్యల స్థానంలో తెలుగు అక్షర ఖండాలను నిలిపాయి. తలకట్టు ఒక సంఖ్యకు, గుడి మరొక సంఖ్యకు, ఒత్తు ఇంకొక సంఖ్యకు చెందేవి. ఆ ఫాంటు ఉన్నంతవరకు తెలుగు కనిపించేది. ఫాంటు లేని యంత్రంలో అదే ఫైలు పాశ్చాత్య అక్షరాల గజిబిజిగా కనిపించేది. ఒక సంస్థ ఫాంటుకు మరొక సంస్థ ఫాంటుకు కూడా సంఖ్యలలో పొంతన ఉండేది కాదు.

మ్యాక్ విషయంలో మరొక మెలిక ఉన్నది. 0 నుండి 127 వరకు ఉన్న సంఖ్యల అర్థం విండోస్‌లోను, మ్యాక్‌లోను ఒక్కటే. 128 నుండి 255 వరకు ఉన్న సంఖ్యలకు పాత మ్యాక్ వేరొక పట్టికను పాటించేది. 233 అనే సంఖ్యకు విండోస్‌లో ఒక అక్షరం, మ్యాక్‌లో మరొక అక్షరం ఉండేవి. తెలుగు ఖండాలు ఎక్కువగా ఈ రెండవ సగంలోనే ఉండేవి కనుక, ఫాంటు రెండు యంత్రాలలోను ఉన్నప్పటికీ, ఒకచోట కూర్చిన పాఠం రెండవచోట తప్పుగా కనిపించే అవకాశం ఉండేది.

ఈ అవ్యవస్థకు పరిష్కారంగా వచ్చినది యూనికోడ్. ప్రపంచంలోని ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికి ఒకే స్థిరమైన సంఖ్య ఉండాలన్నది దాని సూత్రం. 1991లో వెలువడిన తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు లభించాయి. అవి 3072 నుండి 3199 వరకు గల సంఖ్యలు. అందులో 'జ'కు 3100, 'ఞ'కు 3102, శకటరేఫమైన 'ఱ'కు 3121 నిర్ణయమయ్యాయి. అరసున్నకు కూడా చోటు దక్కింది. ప్రాచీన ముద్రిత గ్రంథాలలో కనిపించే నకారపొల్లు అనే ప్రత్యేక రూపానికి మాత్రం 2021లో వెలువడిన 14వ కూర్పులో గాని స్థానం లభించలేదు. దానిని ఎరుగని ఫాంటు ఆ స్థానంలో నేటికీ ఖాళీ పెట్టెను చూపుతుంది.

సంఖ్య దొరికినంత మాత్రాన తెలుగు తెరపై సరిగా కనిపించదు. 'స', పొల్లు, 'త', పొల్లు, 'ర', 'ఈ' స్వరచిహ్నం అనే ఆరు సంకేతాలను వరుసగా చదివి, వాటిని 'స్త్రీ' అనే ఒక్క అక్షరంగా కూర్చవలసిన పని ఆపరేటింగ్ సిస్టమ్‌కు, ఫాంటుకు ఉమ్మడిగా చెందుతుంది. ఈ కూర్పుకు విండోస్ ఫాంట్లు ఒక పద్ధతిని అనుసరిస్తే, పాత మ్యాక్ వ్యవస్థలు తమదైన వేరొక పద్ధతిని ఆశించేవి. అందుచేత విండోస్‌లో ఒప్పుగా కనిపించిన తెలుగు మ్యాక్‌లో ఒత్తులు విడిపోయి కనిపించేది. 2011 నాటి లయన్ కూర్పుతో తెలుగు ఫాంట్లు మ్యాక్‌లో అంతర్భాగమయ్యాయి. పెద్దన, ధూర్జటి, తిమ్మన, సూరన్న, రామభద్ర వంటి ప్రబంధకవుల పేర్లతో నేడు యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా లభిస్తున్నాయి.

మూట విప్పి చూడడం

కొత్త సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటరులో నెలకొల్పడం అంటే అపరిచితుని ఇంటిలోనికి ఆహ్వానించడం వంటిది. సంతలో కొన్న విత్తనాలను రైతు గుప్పిట పట్టి చూడనిదే నారుమడిలో చల్లడు. సాఫ్ట్‌వేర్ విషయంలోను ఆ జాగ్రత్తే అవసరం. మ్యాక్‌లో ఇందుకు కావలసిన వసతులు చాలావరకు సిద్ధంగానే ఉన్నాయి.

మ్యాక్‌లో ఒక ప్రోగ్రాము ఒకే గుర్తుగా కనిపిస్తుంది గాని, నిజానికి అది ఒక సంచి. దానిపై కుడివైపు మీట నొక్కి 'షో ప్యాకేజ్ కంటెంట్స్' అన్నచో లోపలి వస్తువులన్నీ బయటపడతాయి. ఆజ్ఞలు గల అసలు ఫైలు ఒకచోట, బొమ్మలు, భాషానువాదాలు మరొకచోట ఉంటాయి. వాటితోపాటు 'ఇన్ఫో' అనే ఒక వివరపత్రం ఉంటుంది. ఆ ప్రోగ్రాము పేరు, కూర్పు సంఖ్య, అది నడవడానికి కావలసిన కనీసపు ఆపరేటింగ్ సిస్టమ్ కూర్పు మొదలైనవి అందులో వ్రాసి ఉంటాయి. ప్రోగ్రామును ఎంచుకొని 'గెట్ ఇన్ఫో' అన్నచో అది ఇంటెల్ ప్రాసెసరుకు చెందినదో, ఆపిల్ ప్రాసెసరుకు చెందినదో, రెండింటికీ పనికివచ్చే 'యూనివర్సల్' రకమో తెలుస్తుంది. ప్రోగ్రాము తెరుచుకోనప్పుడు మొట్టమొదట చూడవలసినవి ఈ రెండు వివరాలే. ఫాంట్ల పరీక్షకు 'ఫాంట్ బుక్' అనే ప్రోగ్రాము ఉన్నది. లోపమున్న ఫాంటును అది గుర్తించి హెచ్చరిస్తుంది.

కొన్ని సాఫ్ట్‌వేర్లు ఇన్‌స్టాలర్ ప్యాకేజి రూపంలో వస్తాయి. ఇది సీలు వేసిన మూట వంటిది. ఇందులో కంప్యూటరులో చేరవలసిన ఫైళ్లు, ఏ ఫైలు ఏ తావున చేరాలో తెలిపే జాబితా ఉంటాయి. అంతేకాక, ఫైళ్లు చేరడానికి ముందు, చేరిన తరువాత తమంతట తామే నడిచే చిన్న ఆజ్ఞాపత్రాలు కూడా ఉండవచ్చు. ఈ ఆజ్ఞాపత్రాలనే జాగ్రత్తగా చూడాలి. యజమాని పాస్‌వర్డు ఇచ్చి అనుమతించిన తరువాత అవి కంప్యూటరులో ఏ మార్పునైనా చేయగలవు. ఇన్‌స్టాలరులోని 'షో ఫైల్స్' అనే ఎంపిక చేరబోయే ఫైళ్ల జాబితాను చూపుతుంది. 'పీకేజీయుటిల్' అనే ఆజ్ఞతో మూటను నెలకొల్పకుండానే విడదీయవచ్చు. ఆజ్ఞలు వ్రాయడం అలవాటు లేనివారికి 'సస్పిషియస్ ప్యాకేజ్' అనే ప్రోగ్రాము అదే పనిని తేలిక చేస్తుంది.

మూటపై సంతకం ఉన్నదా లేదా అన్నది మరొక పరీక్ష. 2012 నుండి మ్యాక్‌లో 'గేట్‌కీపర్' అనే కావలివ్యవస్థ ఉన్నది. నమోదు పొందిన రచయిత సంతకం లేని ప్రోగ్రామును అది అడ్డగిస్తుంది. 2019 తరువాత, ఆపిల్ సంస్థ తనిఖీ ముద్ర కూడా ఉండవలసి వచ్చింది. అయినప్పటికీ సంతకం ఒక్కటే అభయం కాదు. 2016 మార్చిలో 'ట్రాన్స్‌మిషన్' అనే ప్రోగ్రాము విషయంలో జరిగినది అందుకు నిదర్శనం. దుండగులు ఆ ప్రోగ్రాము అధికారిక స్థానంలోనే అసలు మూటకు బదులు కల్తీ మూటను ఉంచారు. దానిపై చెల్లుబాటయ్యే సంతకమే ఉన్నది కనుక కావలివాడు అడ్డగించలేదు. కాని అది పూర్వపు కూర్పులపై ఉన్న సంతకం కాదు. మూట లోపల 'జనరల్' అనే పేరుతో ఒక వ్రాతపత్రం ఉన్నది. అది నిజానికి వ్రాతపత్రం కాదు, వేషం మార్చిన ప్రోగ్రాము. మూడు దినాలు మౌనంగా ఉండి, ఆపైన యజమాని ఫైళ్లను తాళం వేసి, విడిపించడానికి ధనం కోరేటట్లు దానిని రూపొందించారు. మూట విప్పి, సంతకాన్ని పూర్వపు సంతకంతో పోల్చి చూచినవారికి ఈ రెండు గుర్తులూ కంటబడతాయి. రెండు ప్రతులను పక్కపక్కన పెట్టి చదివే పరిష్కర్త చేసేది కూడా ఇదే.

ఒక్క అక్షరం ఆపివేసిన యంత్రాలు

పొంతన లోపం ఎంత దూరం పోగలదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచానికి తెలిసింది. ఆ నెలలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను, మ్యాక్‌లను స్తంభింపజేస్తున్నదన్న వార్త దేశదేశాలలో వ్యాపించింది. సందేశంలో ఆ అక్షరం రాగానే దానిని చూపబోయిన ప్రోగ్రాము ఆగిపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ ఆగిపోయేది. కొందరు దానిని ఇతరులకు పంపి వినోదించారు. ఆ అక్షరం 'జ్ఞా'. జ్ఞానానికి మొదటి అక్షరమే యంత్రాన్ని అజ్ఞానంలో ముంచడం విచిత్రం.

లోపం అక్షరంలో లేదు. 'జ్ఞానం' అని మామూలుగా వ్రాసినప్పుడు ఏ ప్రమాదమూ జరగలేదు. యంత్రాన్ని ఆపిన వరుసలో ఐదు సంకేతాలు ఉన్నాయి. 'జ' 3100, పొల్లు 3149, 'ఞ' 3102, వాటి తరువాత 8204 అనే సంఖ్య గల ఒక అదృశ్య సంకేతం, చివర దీర్ఘపు గుర్తు 3134. ఈ అదృశ్య సంకేతానికి తెరపై రూపం ఉండదు. పక్కపక్కనున్న అక్షరాలను కలుపవద్దని చెప్పడమే దాని పని. 'సాఫ్ట్‌వేర్' అనే మాటలో పొల్లు తరువాత దానిని ఉంచకపోతే 'వ' ఒత్తుగా మారి 'సాఫ్ట్వేర్' అవుతుంది. ఈ విధంగా తెలుగులో దానికి ఒక ఉపయోగం ఉన్నది. కాని 'ఞ'కు, దీర్ఘానికి నడుమ దానికి పని లేదు. అటువంటి అసాధారణమైన వరుస ఎదురైనప్పుడు ఏమి చేయాలో ఆపిల్ వారి అక్షర కూర్పు వ్యవస్థకు తెలియలేదు. అది తనకు కేటాయించని జ్ఞాపక స్థానాన్ని తాకి కూలిపోయింది. బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని వరుసలకు కూడా ఇదే లోపం ఉన్నట్లు పిదప పరిశోధకులు గుర్తించారు.

2018 ఫిబ్రవరి 19వ తేదీన ఆపిల్ సంస్థ ఐఫోన్లకు, మ్యాక్‌లకు సవరణలు విడుదల చేసింది. లోనికి వచ్చే సంకేతాల వరుసను మరింత జాగ్రత్తగా పరీక్షించి స్వీకరించడమే ఆ సవరణ సారాంశం. ఆనాటి వార్తలలో అనేకం 'యంత్రాలను ధ్వంసం చేసే తెలుగు అక్షరం' అన్న తీరున వ్రాశాయి. దోషం తెలుగుది కాదు. తెలుగు వంటి సంయుక్తాక్షరాల లిపిని అన్ని కోణాల నుండి పరీక్షించకుండా విడుదల చేసిన సాఫ్ట్‌వేర్‌ది. ఒక భాషను నిత్యం వాడేవారు పరీక్షించి లోపాలను తెలియజేయకపోతే, ఆ లోపాలు ఏదో ఒకనాడు ఆ భాషకే నిందగా మారతాయని ఈ ఉదంతం తెలుపుతున్నది.

పొంతన కుదిర్చే క్రమం

ఇప్పుడొక ఉదాహరణ తీసుకుందాం. 1990ల దశకంలో గోదావరి జిల్లాలోని ఒక చిన్న ముద్రణాలయంలో, ఒక స్థానిక కవి శతకాన్ని పాత మ్యాక్‌పై పేజ్‌మేకర్‌లో కూర్చారనుకుందాం. కవి గతించాడు. అచ్చు ప్రతులు ఒకటి రెండు మిగిలాయి. ఫైలు మాత్రం ఒక డిస్కులో ఉన్నది. ఆ కుటుంబం వారు దానిని కొత్త మ్యాక్‌లో తెరువబోగా తెరుచుకోలేదు. ఏమి చేయాలి?

మొదట అసలు ఫైలుకు మరొక ప్రతి తీసి భద్రపరచాలి. ప్రయోగాలన్నీ ఆ రెండవ ప్రతిపైననే చేయాలి. మూల ప్రతిపై చేయి చేసుకోకపోవడం పరిష్కర్తల తొలి నియమం.

రెండవది, పొంతన ఏ అంతస్తులో తప్పిందో నిర్ణయించాలి. ప్రోగ్రామే తెరుచుకోకపోతే లోపం యంత్రం, ఆపరేటింగ్ సిస్టమ్ స్థాయిలో ఉన్నది. ప్రోగ్రాము తెరుచుకొని పాశ్చాత్య అక్షరాలు కనిపిస్తే లోపం ఫాంటులో, సంకేతాలలో ఉన్నది. తెలుగే కనిపించి ఒత్తులు విడిపోతే లోపం అక్షర కూర్పులో ఉన్నది. ఖాళీ పెట్టెలు కనిపిస్తే ఆ అక్షరం ఫాంటులో లేదు. వ్యాధి తెలియకుండా మందు వేసినట్లు, ఈ నిర్ణయం చేయకుండా కొత్త సాఫ్ట్‌వేర్లను ఒకదానిపై మరొకటి చేర్చడం వలన చిక్కు పెరుగుతుందే గాని తగ్గదు.

మూడవది, ఆ అంతస్తుకు తగిన వంతెనను వెదకాలి. ఈ శతకం విషయంలో క్లాసిక్ నడిచే పాత మ్యాక్ గాని, పేజ్‌మేకర్ ఫైళ్లను తెరువగల పాత ఇన్‌డిజైన్ కూర్పు గాని కావాలి. అక్కడ ఫైలు తెరుచుకోగానే రెండు పనులు చేయాలి. పుట ఉన్నది ఉన్నట్లుగా నిలిచేటట్లు పీడీఎఫ్ రూపంలో ఒక ప్రతి తీయాలి. పాఠాన్ని విడిగా తీసి, ఆ ఫాంటుకు తగిన మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోనికి మార్చాలి. 2000ల దశకంలో ఇట్టి మార్పిడి కొరకు ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు 'పద్మ' అనే పొడిగింపును రూపొందించారు. పలు తెలుగు వెబ్‌సైట్ల సొంత ఫాంట్లలో ఉన్న పాఠాన్ని అది యూనికోడ్‌లో చూపేది. 2017లో ఫైర్‌ఫాక్స్ 57వ కూర్పు ఆ పాత పద్ధతి పొడిగింపులనే నిలిపివేసింది. పొంతన కుదిర్చే సాధనానికి కూడా పొంతన సమస్య తప్పలేదు.

నాలుగవది, మారిన పాఠాన్ని మిగిలిన అచ్చు ప్రతితో అక్షరాలా పోల్చాలి. మార్పిడిలో 'ఱ', అరసున్న, క్లిష్టమైన ఒత్తులు తప్పిపోయే ప్రమాదం ఎక్కువ. పద్యంలో ఒక్క అక్షరం జారితే గణభంగమో, యతిభంగమో అవుతుంది. ఇక్కడ కంప్యూటరు నేర్పరితనం కంటె తెలుగు ఛందస్సు తెలిసిన కన్ను ఎక్కువ అవసరం. పద్యం చదివినప్పుడు నడక కుంటుపడిన చోట తప్పు ఉన్నదని ఛందస్సే పట్టి ఇస్తుంది.

చివరిది, చేసిన మార్పులన్నింటినీ ఒక పత్రంలో నమోదు చేసి, పాఠాన్ని ఏ ఒక్క సంస్థ ప్రోగ్రాముకూ కట్టుబడని రూపంలో, ఒకటి కంటె ఎక్కువ చోట్ల భద్రపరచాలి. యూనికోడ్‌లో ఉన్న సాదా పాఠం, దానితోపాటు పీడీఎఫ్ ప్రతి ఉంటే రేపు యంత్రం మారినా శతకం నిలుస్తుంది.

విద్యార్థుల కర్తవ్యం

రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయంలో తాళపత్ర ప్రతులు, అపురూపమైన పాత ముద్రణలు భద్రంగా ఉన్నాయి. శతాబ్దాల నాటి తాటాకును నేడు చదువగలుగుతున్నాము. ముప్పది ఏండ్ల నాటి కంప్యూటరు ఫైలును చదువలేకపోతున్నాము. తాటాకుకు చెద భయం ఉన్నట్లే ఫైలుకు మరుపు భయం ఉన్నది. దానిని తెరిచే సాధనాన్ని లోకం మరచిపోతే అది కనుమరుగవుతుంది. గ్రామాలలో, పట్టణాలలో చిన్న ముద్రణాలయాలు కూర్చిన స్థలచరిత్రలు, శతకాలు, సంచికలు ఎన్నో ఈ స్థితిలోనే ఉన్నాయి. వాటిని కూర్చినవారు జీవించి ఉన్నప్పుడే, పాత యంత్రాలు పనిచేస్తున్నప్పుడే వాటిని ఒడ్డుకు చేర్చాలి.

ఈ పనికి గొప్ప ఇంజనీర్లు కానవసరం లేదు. కొత్త సాఫ్ట్‌వేర్‌ను నెలకొల్పే ముందు మూట విప్పి చూచే అలవాటు, తెలుగు తప్పుగా కనిపించినప్పుడు ఎక్కడ, ఏ కూర్పులో, ఏ అక్షరం వద్ద తప్పిందో వ్రాసి తయారీదారులకు తెలిపే ఓపిక, వ్రాసే ప్రతి పాఠాన్ని యూనికోడ్‌లోనే వ్రాసే నియమం ఉంటే చాలు. ధవళేశ్వరం లాకు వద్ద మట్టాలు సమానమయ్యేదాకా ఓర్పుతో నిలిచిన పడవే తలుపులు దాటి ముందుకు సాగుతుంది. తెలుగు అక్షరం ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి, ఒక తరం నుండి మరొక తరానికి క్షేమంగా చేరడానికి కూడా అట్టి ఓర్పు, అట్టి పరిశీలన అవసరం.

ప్రశ్నలు

1. పాఠ పరిష్కరణకు, సాఫ్ట్‌వేర్ పరిశీలనకు గల పోలికలను వివరించండి.
2. పాత ఫాంట్లలో కూర్చిన తెలుగు వేరొక యంత్రంలో తప్పుగా కనిపించడానికి కారణాలేవి?
3. ఇన్‌స్టాలర్ ప్యాకేజిని ఎందుకు, ఏ విధంగా పరీక్షించాలి?
4. 2018లో 'జ్ఞా' అక్షరం విషయంలో జరిగినదేమి? అందులో దోషం ఎవరిది?
5. మీ ఊరిలో కంప్యూటరుపై కూర్చిన ఒక పాత పుస్తకాన్ని గుర్తించి, దాని ఫైలు నేడు ఏ స్థితిలో ఉన్నదో తెలుసుకొని పది వాక్యాలలో వ్రాయండి.